సరంగుగారు కూర్చోలేదు

పెట్ కాదమ్మా అని మూడోసారి చెప్పాను. ఎయిర్‌పోర్టు కౌంటరు వెనకున్న అమ్మాయి, లావణ్య అట పేరు, పక్కవాళ్ళు పిలుస్తుంటే విన్నాను, కీబోర్డు మీద టకటకా ఏదో కొట్టి మళ్ళీ అదే పాట మొదలుపెట్టింది, పెట్స్‌కి పర్మిషన్ లేదండి అని. అదీ నాతో అంటే బాగుండును. నా పక్కన నిలబడ్డ మా తమ్ముడు సురేంద్రతో అంటోంది. మేడమ్‌కి వీల్‌చైర్ కావాలా సార్, మేడమ్ ఐడీ కార్డు ఎవరి దగ్గరుంది సార్. మేడమ్‌కి కళ్ళు లేవుగాని చెవులున్నాయి, నోరు అంతకన్నా ఉంది, ధవళేశ్వరంలో మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టాను. ఏది ఏ కాగితమో నాకు వేలు పెడితే తెలుస్తుంది, మూలల్లో బ్రెయిలీ చుక్కలు పొడుచుకున్నాను. ఇది నా డిజేబిలిటీ కార్డు, ఇది కుక్క ట్రైనింగ్ సర్టిఫికెట్, ఇది టీకాలది, ఇది టిక్కెట్టు కొన్నరోజే మీ ఆఫీసుకి పంపిన మెయిలు, ఇది మీవాళ్ళు నోటెడ్ అని ఇచ్చిన జవాబు. నోటెడ్ అంటే ఏంటమ్మా, రాసుకున్నామనా, చూద్దాంలే అనా? ఇక్కడ ఇంతవరకూ ఇలాంటి కేసు రాలేదండి, మేనేజర్‌గారిని పిలుస్తాను, కాసేపు కూర్చోండి అంది. అది మాత్రం నాతోనే అంది.

కూర్చున్నాను. కుర్చీ మంచుగడ్డలా ఉంది, ఏసీ గాలి తిన్నగా మెడమీదే కొడుతోంది. సరంగుగారు, వాళ్ళు పెట్ అంటున్నది ఈయన్నే, నా చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకున్నారు, ఆయన ఊపిరి వెచ్చగా పాదాలకి తగులుతోంది. విమానానికి గంటంబావు ఉంది. అది తప్పితే ఢిల్లీకి మళ్ళీ రేపే, రేపు పొద్దున్న పదింటికి నేనక్కడ సంతకం పెట్టకపోతే ఉద్యోగం నా తర్వాత పేరున్నవాళ్ళకి పోతుంది, మెయిల్లో ఆ ముక్క నల్లగా లావుగా రాశారని సురేంద్ర చదివి చెప్పాడు. శుక్రవారం కబురు, సోమవారం చేరాలి, రైలుకి రిజర్వేషన్ దొరకలేదు. తెలుగు పాఠ్యపుస్తకాలు బ్రెయిలీలో అచ్చువేస్తే తప్పులు దిద్దే పని. ముప్ఫైనాలుగేళ్ళకి వచ్చిన మొదటి జీతమున్న ఉద్యోగం. ఇన్నాళ్ళూ రాజమండ్రిలో పిల్లలకి చుక్కలు నేర్పి వాళ్ళిచ్చింది పుచ్చుకున్నాను. అక్కడ హాస్టలు వార్డెనమ్మ ఒక్క ఫోనుకే, కుక్కా, తెచ్చుకోండి అంది, తీరా ఆ ఊరు చేర్చాల్సిన విమానం దగ్గర వచ్చింది తంటా. లైన్లో ఒకాయన ఇవాళ కుక్క, రేపింకోడు గేదెని తోలుకొస్తాడు అంటున్నాడు. నలుగురూ నవ్వారు, నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది, గేదెకి సీటుబెల్టు ఎక్కడ కడతారా అని. ఇంకొకాయన, పెద్ద ఊళ్ళలో డబ్బున్నవాళ్ళు ఇంట్లో పెంచుకునే కుక్కకి ఒక కోటు తొడిగి సర్వీస్ డాగ్ అని ఎక్కించేస్తున్నారటండీ అంటున్నాడు. అదీ నిజమే కావచ్చు. ఆ కోటు తొడిగినవాళ్ళెవరో కనిపిస్తే కడిగిపారేద్దును, వాళ్ళ సరదాకి ఇవాళ నా కాగితాల మీద అనుమానం.

వెనక వరసలోంచి అరవై దాటిన గొంతు, కరుస్తాదా అమ్మా అది అని అడిగింది. కరవదండి అన్నాను. అందరూ అలాగే అంటారు అందావిడ, కోపంగా కాదు, భయంగా. సుబ్బాయమ్మగారట, కాశీ యాత్రకి వెళ్తున్నారట. చిన్నప్పుడు పిక్క పట్టుకుని పీకేసిందట కుక్క, బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులు, ఇప్పటికీ వీధిలో కుక్క మొరిగితే కాళ్ళు చచ్చుబడతాయట. ఆవిడకి ఏం చెబుతాను? నాకు తెలీదా ఆ భయం? తెల్లకర్ర పట్టుకుని తిరిగే రోజుల్లో మా వీధి కుక్కలకి ఆ కర్రంటే పడేది కాదు, టకటకమనగానే చుట్టూ చేరి గుర్రుమనేవి, ఏది ఎటునుంచి మీదపడుతుందో తెలీక నడిరోడ్డు మీద బిగుసుకుపోయి సురేంద్రా సురేంద్రా అని అరిచేదాన్ని. ఆవిడ భయం తప్పని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. కాని నా నడక తప్పా? ఇద్దరివీ ఒక్క విమానంలో పట్టవా? అంత పెద్దది కదా, మోత వింటే నేల అదురుతోంది.

సురేంద్ర నా మోచెయ్యి వదల్లేదు. కూర్చున్నా వదల్లేదు. నాకు నాలుగో ఏట తట్టు పోసి జ్వరంతో పాటు చూపు పోయింది, గుర్తున్న రంగు ఒక్కటే, వరదకి గోదావరిలో వచ్చే ఎర్రనీరు, నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని చూపించాడు. నాకన్నా రెండేళ్ళు చిన్న వీడు. వాడికి ఆరేళ్ళు రాగానే నా చెయ్యి వాడికిచ్చేశారు. బడికి వాడే, చెరువుకట్టకి వాడే, తీర్థానికి వాడే. మిగతా మగపిల్లలు కాలవలో ఈతలు కొడుతుంటే వీడు గట్టుమీద నా పక్కన కూర్చుని ఎవడు ఎలా దూకాడో చెబుతుండేవాడు, వాడి గొంతులో దూకాలన్న ఆశ నాకు వినపడేది, వెళ్ళరా అంటే వెళ్ళేవాడు కాదు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, చేపల వేను నడుపుకుంటున్నాడు, అయినా ఇప్పటికీ నేను గడప దాటుతుంటే తింటున్న అన్నం వదిలేసి లేస్తాడు. వాడి ప్రేమని తప్పుపడితే కళ్ళు పోతాయి, పోవడానికి నాకెలాగూ లేవనుకోండి. అయినా చెప్పాలి. ముప్ఫై దాటినా, నాకు ఎటు వెళ్ళాలనిపించిందో ముందు ఇంకొకరికి తెలియాలి, వాళ్ళకి వీలుండాలి, విసుగు లేకుండా ఉండాలి. ఊరికే వీధి చివరిదాకా వెళ్ళి ఊరికే తిరిగిరావాలని ఉంటే ఏమని అడుగుతాం? ఎందుకు అంటే ఏం చెబుతాం?

సరంగుగారు వచ్చాక నేను మొట్టమొదట చేసిన పని అదే. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఎందుకూ కాదు.

మూడేళ్ళయింది ఆయనొచ్చి. ట్రైనింగ్ సెంటరు నుంచి ప్రిస్కిల్లా మేడమ్ స్వయంగా తీసుకొచ్చి మా ఇంట్లో పదిహేను రోజులుండి నాకు నేర్పింది, సిట్, డౌన్, ఫార్వర్డ్, స్టే, కాగితాల్లో పేరు మ్యాక్స్. మా నాన్న సత్తియ్య అరుగుమీద వల బాగుచేసుకుంటూ రోజూ ఇదంతా విన్నాడు. నాన్న కుర్రతనంలో గోదావరి లాంచీమీద పనిచేశాడు, ఆ లాంచీ నడిపే సరంగు ఎక్కడ ఇసక మేట వేసిందో, ఎక్కడ సుడి ఉందో నీళ్ళ తీరు చూసి చెప్పేవాడట, ఆయన మాటకి ఓనరు కూడా ఎదురు చెప్పేవాడు కాదట. ప్రిస్కిల్లా మేడమ్ బస్సెక్కిన సాయంత్రం నేను సిట్ అంటుంటే నాన్న వల పక్కన పడేసి నా దగ్గరికి వచ్చాడు.

"సరంగుని నువ్వు, కూర్చో, లే అంటామేంటమ్మా? లాంచీ ఎక్కినోళ్ళ ప్రాణాలన్నీ ఆయన చేతిలో ఉంటాయి. గారూ అనండి."

అంతే, ఆ రోజునుంచి మా ఇంట్లో మ్యాక్స్ అన్నవాడు లేడు. అమ్మ మరిడమ్మ అయితే మరీను, సరంగుగారూ భోంచేయండి, సరంగుగారూ తడికాళ్ళతో లోపలికి రాకండి. వీధంతా నవ్వింది, తర్వాత వీధి కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది. నాన్న బతుకంతా అందర్నీ అండీ అండీ అన్నవాడే, ఆనకట్ట ఆఫీసర్లని, చేపల షావుకార్లని, లైసెన్సు రాసే గుమస్తాని, వాళ్ళల్లో ఒక్కడూ తిరిగి నాన్నని అండీ అనలేదు, దానికి నాన్న బాధపడ్డాడో లేదో తెలీదు గాని మర్యాద ఎవరికివ్వాలో తెలిసినవాడు. నేనూ మారిపోయాను. కూర్చోండి, పడుకోండి, నడవండి, ఆగండి. నెల తిరిగేసరికి ఆయనకి ఆ మాటలే మాటలు. ప్రిస్కిల్లా మేడమ్‌కి ఫోన్లో చెబితే నెత్తీనోరూ కొట్టుకుంది, మాటలు మార్చకూడదండీ, ఎప్పుడన్నా ఎక్కడన్నా ఇబ్బంది పడతారు అని. విన్నామా? వినలేదు.

ఆయన గొప్ప చెబుతాను. కిందటి శ్రావణమాసం, వాన వెలిసిన సాయంత్రం, రాజమండ్రి బస్సు దిగి కాలవగట్టు మీదుగా ఇంటికి వస్తున్నాం. రోజూ నడిచే దారే. ఉన్నట్టుండి ఆగిపోయారు. నడవండి అన్నాను. కదల్లేదు. నాకసలే ముక్కుమీద కోపం, ఆకలి ఒకటి, నడవండంటే నడవరేంటి అని గదిమాను, ఆయన ఒంటికి కట్టిన పట్టీ పిడి ముందుకి తోశాను. ఆయన అడ్డంగా తిరిగి నా మోకాళ్ళకి ఒళ్ళంతా ఆనించి నన్ను వెనక్కి నెట్టారు. మూడోసారి తిట్టాను కూడా, ఏం తిట్టానో ఇప్పుడు చెప్పను. అప్పుడు అవతలి గట్టునుంచి ఎవరో, అమ్మో ఆగమ్మా, పైపుల కోసం గట్టు తవ్వేశారు, నిలువెత్తు గొయ్యి అని కేకేశారు. నా ముందు రెండడుగుల్లో. ఆ బురదలోనే కూలబడి ఆయన మెడ పట్టుకుని ఏడ్చాను. చెప్పినమాట వినడం ఎవరైనా నేర్చుకుంటారు. చెప్పింది తప్పయినప్పుడు వినకుండా నిలబడి, తిట్లు తిని, తోపులు తిని, అయినా కదలకుండా, ఒక్క గుర్రుమన్న చప్పుడు కూడా చెయ్యకుండా ఉండటం ఎవరికి చేతనవుతుంది? నాకు చేతకాదు. ఆయన్ని మెచ్చుకోవడానికి నాకు తెలిసిన మాటలు చాలవు, అందుకే ఆ రాత్రి అమ్మ కోడిగుడ్లు రెండు ఎక్కువ ఉడకేసింది.

బూట్ల చప్పుడు వచ్చి నా ముందు ఆగింది. ఉదయభాస్కర్ అండి, డ్యూటీ మేనేజర్ని అన్నాడు, నాతోనే అన్నాడు. గొంతు మెత్తగా ఉంది, మనిషి చెడ్డవాడు కాదు. మెయిలు చూశానండి, మావాళ్ళు కిందికి చెప్పలేదు, తప్పు మాదే, కాని ముందువరసలో సీటు మార్చాలి, పక్కవాళ్ళు ఒప్పుకోవాలి, పైలట్‌గారికి చెప్పాలి, గాల్లో ఉండగా ఏదన్నా అయితే మా పీకమీదికి వస్తుందండి, ఈ కుక్కలు నిజమైనవో కావో తేల్చడమే మాకు పెద్ద గొడవైపోయింది అన్నాడు. రెండు దార్లున్నాయట. కుక్కని బోనులో పెట్టి కింద సామాన్లలో పంపడం. కాదంటే విమానంలో ఒక్క సీటు ఖాళీ ఉంది, తోడుగా తమ్ముడుగారు రావడం, కుక్కని ఇంటికి పంపేయడం. మూతికి చిక్కం కడితే సరిపోదా అని ఎవరో అన్నారు. సురేంద్ర అప్పటికే టిక్కెట్టు డబ్బుకి జేబు తడుముకుంటున్నాడు.

"నేనొస్తానక్కా. నెల్రోజులుండి నీకు దారులన్నీ చూపించి వస్తాను. సరంగుగారిని నాన్న చూసుకుంటాడు."

ఆ మాట ఎంత సులువుగా అన్నాడు. వేను ఎవరు నడుపుతార్రా, నెల తర్వాత నేనెలా నడవాలిరా, ఢిల్లీ దారులు నేర్చుకుని నువ్వు వచ్చేస్తే ఆ దారులు ఎవరిలో ఉంటాయిరా? అయినా ఒక్క క్షణం, ఒక్క క్షణమే, సరే అనాలనిపించింది. ఎంత హాయి. మోచెయ్యి మీద ఆ చెయ్యి అలాగే ఉంటుంది, ఎవరితోనూ వాదన అక్కర్లేదు, ఎవరూ భయపడరు, గేదెల జోకులుండవు. పాతికేళ్ళుగా అలవాటైన హాయి. దాన్ని తల్చుకుంటే నాకే భయమేసింది. లేదండి, నేనూ ఈయనా వెళ్తాం, ఈయన బోనులో రారు అన్నాను. అయితే ఒక్కసారి చూపించండి, మాట వింటుందని నాకు నమ్మకం కుదిరితే పైవాళ్ళకి నేను చెబుతాను అన్నాడు ఉదయభాస్కర్.

లేచి నిలబడ్డాను. ఆయనా లేచారు. హాలంతా మాటలు ఆగిపోయాయి, అంతమంది చూస్తున్నారని చూపులేని నాకు కూడా తెలిసింది. అక్కడ, సరిగ్గా అక్కడ, నాకు సిగ్గేసింది. సూటుకేసులవాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, వాళ్ళ ముందు కుక్కని పట్టుకుని సరంగుగారూ కూర్చోండి అంటే ఏమనుకుంటారు, పల్లెటూరి గుడ్డిది, దీనికి కుక్క ఒకటీ దానికి మర్యాదొకటీ అని నవ్వరూ, ట్రైనింగే లేదనుకోరూ? సర్టిఫికెట్లో ఉన్నట్టే, గొంతు బిగించి, "మ్యాక్స్, సిట్" అన్నాను.

కూర్చోలేదు. మళ్ళీ అన్నాను. తోక కూడా కదల్లేదు, నా కాలికి ఆయన పక్కటెముకలు తగులుతూ లేస్తూ పడుతూ ఉన్నాయి, నిలబడే ఉన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. చూశారా అంది గేదెల గొంతు. ఉదయభాస్కర్ ఊపిరి వదిలాడు, అది చాలు. నాకు తల తీసేసినట్టయింది. సురేంద్ర చెయ్యి మళ్ళీ మోచేతి మీదికి వచ్చింది. ఆయన మాత్రం తలెత్తి నా అరచెయ్యి మూతితో తాకారు, చల్లటి మూతి, ఎవర్ని పిలుస్తున్నారు అని అడిగినట్టు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. లావణ్య నన్ను వదిలేసి నా తమ్ముడితో మాట్లాడితే ఒళ్ళు మండిందే, నేను చేసిందేంటి, గోతి ముందు నన్ను ఆపిన మనిషిని, మనిషనే అంటాను, నలుగురి ముందు పేరు పెట్టి పిలవడానికి సిగ్గుపడ్డాను. ఛీ అనుకున్నాను. సురేంద్ర చెయ్యి మెల్లిగా తీసి పక్కన పెట్టాను. హాలు చివరిదాకా వినపడేలా చెప్పాను.

"సరంగుగారూ, తప్పయిందండి. కూర్చోండి."

కూర్చున్నారు. పడుకోండి అన్నాను, పడుకున్నారు. నేను పది అడుగులు దూరం వెళ్ళి నిలబడ్డాను, ఆగండి అన్నమాట ఒక్కటే, ఆగారు. ఉదయభాస్కర్ లావణ్యతో ఒక ఇనప ట్రే నేలమీద పడేయించాడు, హాలంతా ఉలిక్కిపడింది, ఎవరో పిల్ల ఏడుపందుకుంది, ఆయన పడుకున్నచోట గోళ్ళ చప్పుడు కూడా లేదు. రండి అంటే నాలుగు అంగల్లో వచ్చి ఎడమ పక్కన నిలిచారు. ఇందాక ఎందుకు విన్లేదండీ అని అడిగాడు ఉదయభాస్కర్. ఉన్నదున్నట్టు చెప్పాను, నాన్న సంగతీ, లాంచీ సంగతీ, నా సిగ్గు సంగతీ. తర్వాత పెన్ను తీసిన చప్పుడు. ఫారంలో కమాండ్స్ ఏ భాష అని గడి ఒకటుందండి, తెలుగు అని రాస్తున్నాను, పక్కన మర్యాదగా పిలవాలి అని కూడా రాస్తున్నాను, గాల్లో మావాళ్ళకి తెలియాలిగా అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలీలేదు గాని పెన్ను గీరిన చప్పుడు మాత్రం అంతసేపూ వినపడింది. ఫోన్లో పైవాళ్ళతో పావుగంట వాదించాడు, నాకోసం ఒక ఆఫీసరు అలా వాదించగా వినడం అదే మొదలు. సుబ్బాయమ్మగారికి వెనకాల చివరి వరస ఇచ్చారు. వెళ్తూ ఆవిడ నాకు నాలుగడుగుల దూరంలో ఆగి, దగ్గరికి రాలేనమ్మా, ఏమనుకోకు, కాని ట్రే పడినప్పుడు నేనే ఎగిరిపడ్డాను, ఆయన పడలేదు అంది.

సెక్యూరిటీ దగ్గర సురేంద్ర ఆగిపోవాలి. కవరు నా చేతికిచ్చాడు, చార్జరు ఏ జేబులో పెట్టాడో మూడుసార్లు చెప్పాడు, నాలుగోసారి చెప్పబోయి ఆగాడు.

"అక్కా, ఈ చెయ్యి ఇప్పుడెక్కడ పెట్టుకోను?"

జేబులో పెట్టుకోరా అన్నాను, అని వాడి తల పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను, వాడు ఏడుస్తున్నాడు, నేనూను, వెనక లైను ఆగిపోయింది, ఎవరూ కసురుకోలేదు. తర్వాత పిడి అందుకుని, నడవండి అన్నాను. విమానం మెట్ల దగ్గర ఆయన ఆగి, మెట్టుందని నాకు తెలిసేదాకా నిలబడి, ఒక్కో మెట్టే ఎక్కించారు. తలుపు దాటగానే కుడికి తిరిగి, మొదటి వరస, కిటికీ పక్క. నా కాళ్ళ దగ్గర చుట్టచుట్టుకుని పడుకున్నారు. బెల్టు నేనే వెతుక్కున్నాను, నేనే పెట్టుకున్నాను. ఎయిర్‌హోస్టెస్ కాబోలు, మంచి సెంటు వాసన, నా దగ్గరికి వంగి, మిమ్మల్నెవరు తీసుకొచ్చారండి అని అడిగింది. మా తమ్ముడు అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది, పాతికేళ్ళుగా ఆ ప్రశ్నకి నాకు వచ్చిన జవాబు అదొక్కటే. కిందికి చెయ్యి చాపి ఆయన వీపుమీద పెట్టాను.

"ఎవరూ తీసుకురాలేదండి," అన్నాను, "మేమే వచ్చాం."